ఏడు ప్రశ్నార్థకాలు

మళ్ళీ అదే పెట్టె. కంప్యూటర్ తెర మధ్యలో బూడిదరంగు పెట్టె, అందులో ఎర్రటి గుండ్రం, గుండ్రంలో తెల్లటి ఇంటూ గుర్తు, పక్కన ఇంగ్లీషులో ఒక వాక్యం. ఫలానా చోట ఉండవలసిన ఫైలు దొరకలేదని. తారామణి ఓకే నొక్కింది. పెట్టె పోయింది. ఆట గుర్తు మీద మళ్ళీ రెండుసార్లు నొక్కింది. తెర నల్లబడింది, లోపల ఏదో లేవబోతున్నట్టు గిర్రుమంది, మళ్ళీ పెట్టె. పొద్దున వచ్చిన పెట్టె వేరు. పొద్దుట డీఎల్ఎల్ ఫైలు లేదంది. అది ఆమె ఎరిగిన జబ్బే, ఆటకు కావలసిన చిన్న ఫైలు ఒకటి తప్పిపోతే అలా అంటుంది, మూడో సిస్టమ్‌లోంచి ఆ ఫైలు తెచ్చి ఆట పక్కన పెట్టగానే ఆ మాట మానేసింది. అది మానగానే ఇది. ఇది ఎక్కడ వెతికి అలసిపోయిందో కూడా చెబుతోంది: డీ డ్రైవులో, గేమ్స్ అనే ఫోల్డరులో, దాని లోపల ఇంకో ఫోల్డరులో. ఆ లోపలి ఫోల్డరు పేరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం దానికి నోరు పెగల్లేదు. పేరు ఉండవలసిన చోట వరసగా ప్రశ్నార్థకాలు. ??????? ఏడు. ఆమె వేలితో తెరను తాకుతూ లెక్కపెట్టింది. ఏడే.

ప్రశ్నార్థకాలు అనగానే ఆమె చూపు దానంతటదే గది చివరికి పోయింది. అక్కడ కిటికీ పక్కన, చక్రాలున్న ఆఫీసు కుర్చీలో, రాజశ్రీ పెళ్ళికార్డు టైపు చేస్తోంది. మెడ కొంచెం వంచి, కీబోర్డు చూడకుండా. నాచారంలో ఈ నెట్ సెంటర్లో అలాంటి కుర్చీ ఒక్కటే ఉంది. ఆట ఆడేవాళ్ళకు ఆరు సిస్టములూ ఆరు ప్లాస్టిక్ కుర్చీలూ. టైపు చేసే అమ్మాయికి నడుం నొప్పి వస్తుందని ఆ కుర్చీ తెచ్చింది తారామణి భర్త. అది తాము పెళ్ళి చేసుకోకముందే తెచ్చాడట. ఆ మాట అతనే చెప్పాడు, అడక్కుండానే, అందులో దాచడానికేమీ లేనట్టు. దాచడానికేమీ లేనట్టు చెప్పే మాటలే ఆమెకు రాత్రి అన్నం మెతుకుల్లో రాయిలా తగిలేవి. కుర్చీకి ఒక దిండు కూడా ఉంది. నీలం రంగు దిండు. దిండు ఎవరు తెచ్చారో ఆమె అడగలేదు, అడిగితే అదీ చెప్పేస్తాడు.

నిన్న రాత్రి అతను కొత్త ఆటను రాజశ్రీ సిస్టమ్‌లో ఎక్కించి, అక్కడి నుంచి వైర్ల మీదుగా ఆరు సిస్టములకూ పంపి, దుకాణం మూసి ఇంటికొచ్చాడు. పొద్దున్నే మౌసులు కొనడానికి సికింద్రాబాదు పోయాడు. సాయంత్రానికి రామంతాపూర్ నుంచి కాలేజీ పిల్లలు వస్తారు, ఆరు సిస్టములూ వాళ్ళవే, కొత్త ఆట ఉందంటేనే వస్తున్నారు. ఆట లేవకపోతే మల్లాపూర్ దారిలో కొత్తగా పెట్టిన ఏసీ సెంటర్‌కు పోతారు, పోతే మళ్ళీ రారు. ఇదంతా తారామణికి తెలుసు. అయినా ఇప్పుడు ఆమె చూస్తున్నది ఆటను కాదు. ఫోల్డరును తెరిచి చూసింది. పేరు చోట చిన్న చిన్న గళ్ళు, ఖాళీ గళ్ళు, ఇటుకలు పేర్చినట్టు. అవీ ఏడే. ఈ ఆరు సిస్టములకూ తెలుగు తెలియదు, తెలుగు అక్షరం కనబడితే గడి గీసి ఊరుకుంటాయి. తెలుగు తెలిసింది రాజశ్రీ సిస్టమ్ ఒక్కదానికే. అంటే ఈ పేరు అక్కడ, ఆ కీబోర్డు మీద, అతని వేళ్ళు కొట్టిన తెలుగు పేరు.

ఒక్కో గుర్తుకు ఒక్కో ప్రశ్న అని ఆమెకు నేర్పిందీ ఆ పిల్లే. ఆ రోజు ఎవరి బారసాల కార్డో మెయిల్లో పంపితే అవతల అంతా ప్రశ్నార్థకాలై చేరింది, వాళ్ళు ఫోను చేసి పిల్లకు పేరు పెట్టమంటే ఇన్ని ప్రశ్నలేంటని తిట్టారు. రాజశ్రీ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. "చూడు శివా, అక్షరం ఒకటైనా మెషీను దాన్ని ముక్కలు చేసి లెక్కెడుతుంది. దీర్ఘానికో ప్రశ్న, గుడికో ప్రశ్న, పొల్లుకో ప్రశ్న." అతనూ నవ్వాడు. తల వెనక్కి వేసి నవ్వాడు, ఇంట్లో ఎప్పుడూ అలా నవ్వడు, ఇంట్లో నవ్వితే ముక్కుతోనే. తారామణి అప్పుడు మూలన చీపురు పట్టుకుని ఉంది. శివా అంది ఆ పిల్ల. గారు లేదు, అన్న లేదు. వయసులో తనంతే, అయినా శివా. మొగుడి పేరు గనక తారామణి నోటికి మాత్రం అది రాదు. శివరాత్రిని కూడా జాగారం పండుగ అంటుంది. దుకాణానికి పెట్టింది అతని పేరే, అందుకని ఫోను మోగితే ఆమె "నాచారం నెట్ సెంటర్" అంటుంది, అవతలివాళ్ళు ఏ నెట్ సెంటరమ్మా అని అడిగితే "ఇండస్ట్రియల్ ఏరియా గేటు ఎదురుంగ, మిఠాయి దుకాణం మీద" అంటుంది. రాజశ్రీ ఎత్తితే తేనె పోసినట్టు, "శివా నెట్ సెంటరండీ, చెప్పండి." అవతలివాళ్ళు తారామణితో తొందరగా పెట్టేస్తారు, రాజశ్రీతో అడ్రసు రెండుసార్లు అడుగుతారు.

ఫోను మోగింది. అతనే.

"ఇగో, ఏమైంది? లేసిందా ఆట?"

"లేస్తలేదు."

"నేను హబ్సిగూడ కాడ ఇరుక్కున్న. స్టేడియంల మ్యాచి ఉన్నదంట, బండ్లు కదుల్తలేవు. జర రాజశ్రీని అడుగు, ఆమెకు ఎర్కుంటది."

"నేను జూస్త."

"ఫికర్ జెయ్యకు. రాజశ్రీని అడుగు."

రెండుసార్లు అన్నాడు. పెట్టేసిన తర్వాత కూడా ఆ పేరు చెవిలోనే ఉండిపోయింది, ఎందుకంటే అతను దాన్ని చెక్కినట్టు అంటాడు. శుక్రవారాన్ని సుక్కురారం అనే మనిషి, శెనగల్ని సెనిగెలనే మనిషి, తన పేరే సివ అని చెప్పుకునే మనిషి, ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి నాలుకను ఎక్కడో జాగ్రత్తగా పైకి ఆనించి శ్రీ అంటాడు. ఒక్క ముక్క కూడా అరగనివ్వడు. ఎలా నేర్చుకున్నాడు? ఎన్నిసార్లు అంటే అలా కుదురుతుంది? ఇక తనను పిలిచేది ఇగో అని. ఏయ్ అని. వింటున్నవా అని. ఇంట్లో గిన్నె కింద పడితే అదీ ఏయ్ అనే అంటాడు, గిన్నెనో తననో తెలియదు. అమ్మ తారా అంటుంది, రాజశ్రీ కూడా తారా అంటుంది, సెంటర్‌కు వచ్చే పిల్లలు అక్కా అంటారు. మొత్తం పేరు పలికినవాడు ఊళ్ళో మొగిలయ్య సారు ఒక్కడే, హాజరు పిలిచేటప్పుడు, తారామణీ అని చివర దీర్ఘం తీసి. ఇంటరు హాల్‌టికెట్ మీద ఉండింది. పెళ్ళికార్డు మీద ఉండింది, చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అన్నంత పొడుగు తోకకు చివర.

మొగిలయ్య సారు పలక మీద రాయించేటప్పుడు ముక్కలు చేసే పలికించేవాడు. మెషీనూ ఆయనా ఒకే బడి. ర, దీర్ఘం ఇస్తే రా. జ. శ. శ కింద రావత్తు. పైన గుడి దీర్ఘం. ఆమె చీటీ కాగితం వెనక పెన్నుతో చిన్న గీతలు గీసింది. ర ఒకటి, దీర్ఘం రెండు, జ మూడు, శ నాలుగు. వత్తు పెట్టాలంటే ముందు పొల్లు నొక్కాలి, రాజశ్రీ వేళ్ళు ఆమె చూసింది, గోళ్ళ రంగు పెచ్చులూడిన చూపుడువేలు పొల్లు మీదికి ఎలా దిగుతుందో చూసింది, అది అయిదు, ర ఆరు, గుడి దీర్ఘం ఏడు. గీతలు ఏడు. పెన్ను ఆగింది. ఇందులో తప్పేముంది, ఆమె సిస్టమ్ గనక ఆమె పేరు పెట్టుంటాడు, అని తనకు తనే అతని తరఫున చెప్పుకుంది. వెంటనే, ఆమె సిస్టమ్ ఏంది, సిస్టమ్ మనది, అని తనే కొట్టేసింది. పులిహోర గుర్తుకొచ్చింది. రాజశ్రీ వాళ్ళమ్మ కట్టిచ్చే పులిహోర, ఇంగువ వాసన మెట్ల దాకా వస్తుంది, అతను మూతలో పెట్టించుకుని తింటాడు, తిని "మస్తున్నది" అంటాడు. తను చేసిన పచ్చిపులుసుకు ఏమీ అనడు, రెండోసారి పోసుకుంటాడు అంతే. రెండోసారి పోసుకోవడం మాట కింద లెక్కా? పెళ్ళయ్యి అత్తగారింటి గడప దగ్గర ఆడబిడ్డ రాణి చేతులు అడ్డం పెట్టి, పేర్లు చెప్తేనే లోపలికి అంది. తారామణి చెప్పింది. జన్మలో ఒక్కసారే చెప్పింది, "శివ గారు నేను వచ్చినం" అని, శ తప్పకుండా చెప్పింది. అతని వంతు వచ్చేసరికి కరెంటు పోయింది, వర్జ్యం వస్తోందని పెద్దత్త అందర్నీ లోపలికి తోసింది, రాణి చేతులు దించేసింది. చీకట్లో అందరూ నవ్వారు. అతను చెప్పలేదు. ఎవరికీ గుర్తులేదు అతను చెప్పలేదని. ఆమెకు ఒక్కదానికే గుర్తుంది.

చెడిపోయిన ఫైలేమో అని, ఆ ఫోల్డరు తీసేసి మొత్తం ఆటను మళ్ళీ రాజశ్రీ సిస్టమ్ నుంచి లాగడం మొదలుపెట్టింది. తెర మీద కాగితాలు ఒక ఫోల్డరులోంచి ఎగిరి ఇంకో ఫోల్డరులో పడుతున్నాయి. ఆకుపచ్చ గీత నత్తలా పాకుతోంది. అంతసేపూ చేతులకు పని లేదు. పైన ఫ్యాను, కింద మిఠాయి దుకాణంలో నూనె కాగే వాసన, బయట ఫ్యాక్టరీ షిఫ్టు వదిలినట్టున్నారు, సైకిళ్ళ గంటలు, ఎవరో ఎవరినో బావా అని అరుస్తున్నారు. లేచి పది అడుగులు వేస్తే రాజశ్రీ సిస్టమ్, ఆ తెర మీద ఆ పేరు తెలుగులో శుభ్రంగా కనబడుతుంది. ఆమె లేవలేదు. లేస్తే ఆ పిల్ల కుర్చీ జరిపి, చక్రాల మీద అలా జారి, "రా తారా, చూసుకో" అంటుంది. చూసుకోవాలా తను? ఆ పిల్ల ముందు నిలబడి ఆ పిల్ల పేరు చదవాలా? ఆ పిల్ల జడ అల్లుకున్న తీరు కూడా బాగుంది, వదులుగా, జారిపోతుందేమో అన్నట్టు, అయినా జారదు. తన జడ బిగుతు. అమ్మ అలవాటు చేసింది, బిగుతుగా అల్లితేనే పొలంలో చిక్కు పడదని. ఇక్కడ పొలం లేదు. రేపటి నుంచి వదులుగా అల్లుకోవాలా? అల్లుకుంటే అతను గమనిస్తాడా? గమనిస్తే, రాజశ్రీలా ఉందంటాడా?

చీటీ మీది గీతలు చూస్తూ ఉంది. ఏడు గీతలు. పక్కన ఖాళీ ఉంది. పెన్ను తనే కదిలింది. త, దీర్ఘం. ర, దీర్ఘం. మ. ణ. గుడి. ఆమె ఆగి, నమ్మకం లేక, మళ్ళీ మొదటి నుంచి చేసింది. త ఒకటి, దీర్ఘం రెండు, ర మూడు, దీర్ఘం నాలుగు, మ అయిదు, ణ ఆరు, గుడి ఏడు. చెవుల దగ్గర వేడెక్కింది. మొగిలయ్య సారు లెక్కలో ఆ పేరుకు మూడక్షరాలు, తన పేరుకు నాలుగు. మెషీను లెక్కలో ఇద్దరూ ఒకటే. ఏడు ప్రశ్నలు. అంటే. అంటే నిన్న రాత్రి, తను ఇంట్లో అన్నం మూతపెట్టి కూర్చున్నప్పుడు, అతను ఇక్కడ ఒక్కడే కూర్చుని, నోటితో అనలేని దాన్ని వేళ్ళతో. త. దీర్ఘం. ఆ ఒంటి వేలితో, వెతుక్కుంటూ. ఆమె నవ్వు రాకుండా పెదవులు లోపలికి లాక్కుంది. గది చివర రాజశ్రీ జడ ఒక్కసారిగా మామూలు జడ అయిపోయింది, ఆ పిల్ల మీద జాలి కూడా వచ్చింది, పాపం రోజంతా ఊళ్ళోవాళ్ళ పెళ్ళికార్డులు కొట్టుకుంటూ. ఆ జాలి ఎంతోసేపు లేదు. ఏడంటే ఏడే. రెండు పేర్లూ ఒకే గళ్ళలో పడతాయి. లేచి చూడొచ్చు. చూస్తే తేలిపోతుంది. ఇప్పుడు లేవకపోవడానికి కారణం ముందటిది కాదు.

ఆకుపచ్చ గీత చివరిదాకా పాకింది. ఆమె ఆటను నొక్కింది. నల్లతెర, గిర్రు, పెట్టె, ఏడు ప్రశ్నలు.

"ఏంటి తారా, ఇంకా తేల్లేదా?" కుర్చీ చక్రాలు కిర్రుమన్నాయి. రాజశ్రీ కూర్చున్నది కూర్చున్నట్టే నేలమీద జారుతూ వచ్చేసింది. తారామణి చీటీని అరచేతి కింద పెట్టుకుంది.

"గిట్ల ప్రశ్నలొస్తున్నయ్."

"అయ్యయ్యో! ఆ తెలుగు పేరుతోనే పంపేశాడా మహానుభావుడు!" రాజశ్రీ నుదురు కొట్టుకుంది. "నిన్న నా సిస్టమ్‌లో తెలుగొస్తోందని చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు తల్లీ. నేను బస్సుకి పోతుంటే కూర్చోబెట్టి చూపించాడు, చూడు ఫోల్డరుకి కూడా పెట్టాను అని. ఈ ఆట పాతకాలపు బుర్రతో రాసింది, దానికి ఇంగ్లీషు అక్షరాలు తప్ప అర్థం కావు. దాని ఇల్లు అదే వెతుక్కోలేకపోతోంది. పేరు మార్చెయ్, లేస్తుంది."

"ఏం పేరు వెట్టిండు?" అంది తారామణి. గొంతు మామూలుగానే వచ్చింది.

"ఏముంది, కొత్తఆట అని. రెండు ముక్కలూ కలిపేసి. వత్తు ఎలా కొట్టాలో నన్నే అడిగాడు."

కొత్తఆట. రాజశ్రీ ఇంకా ఏదో చెబుతోంది, తారామణి లోపల క, ఒత్వం, త, పొల్లు, త, ఆ, ట. ఏడే. అది కూడా ఏడే. ఊపిరి వదిలింది, వదిలాక తేలికపడాలి గదా, పడలేదు. రాజశ్రీ పేరు లేదు. ఆ బరువు దిగిపోయింది. దిగిన చోట ఇంకొకటి కూర్చుంది, చిన్నది, ముల్లంత. తన పేరూ లేదు. మధ్యాహ్నమంతా ఇద్దరాడవాళ్ళను ఒక పెట్టెలో పెట్టి కొట్లాడించింది, పెట్టెలో ఇద్దరూ లేరు. అతను ఎవరి గురించీ అనుకోలేదు. కొత్త ఆట వచ్చింది, కొత్తఆట అని పెట్టాడు. అంతే మనిషి. కోపం రావలసింది ఎవరి మీదో తెలియక ఆ కోపం మౌసు పట్టుకున్న చేతిలోనే ఉండిపోయింది.

"గేమ్ వన్ అని పెట్టు, చాలు" అంటూ రాజశ్రీ వెనక్కి జారిపోయింది.

పేరు మార్చే ఎఫ్ టూ మీట నొక్కితే గళ్ళన్నీ నీలంగా వెలిగాయి. ఒక్క మీట కొడితే ఏడూ పోయాయి. ఖాళీ చోట ఒక నిలువు గీత, రెప్పలార్పుతూ. ఏదో ఒక పేరు అడుగుతోంది. పేరు లేకుండా అది ఒప్పుకోదు. తారామణి ఒకసారి గది చివరికి చూసింది, రాజశ్రీ మెడ వంచి పెళ్ళికార్డులో పడిపోయింది. ఆమె ఒక్కో మీటా వెతుక్కుంటూ ఇంగ్లీషు అక్షరాలు కొట్టింది. టీ. హెచ్. ఏ. ఆర్. చివరి ఐ కొట్టి ఎంటర్ నొక్కాక చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది, మిఠాయి దుకాణంలో అడక్కుండా లడ్డూ తీసుకున్నట్టు. ఆట నొక్కింది. నల్లతెర. గిర్రు. పెట్టె రాలేదు. తెర నిండా మంటలు లేచాయి, డోలు మోగింది, కత్తి పట్టుకున్నవాడు ఒకడు గుర్రం మీద నుంచి ఆమె వైపు చూశాడు. ఆమె రెండో సిస్టమ్ దగ్గరికి పోయింది. అక్కడా అదే పేరు. ఆరింటికీ అదే పేరు పెట్టింది.

పిల్లలు బిలబిలమంటూ మెట్లెక్కి వచ్చారు. వాళ్ళ వెనకే అతను, చెమటతో చొక్కా వీపుకు అంటుకుపోయి, మౌసుల సంచీ భుజాన.

"శివన్నా, ఏది ఓపెన్ జెయ్యాలె?"

అతను సంచీ దించకుండానే వంగి తెర చూశాడు. చూసి, ఇంకాస్త వంగాడు. తారామణి కౌంటరు వెనక పెన్ను మూత పెడుతూ తీస్తూ ఉంది. అతని చెవులు ఎర్రబడటం ఇక్కడికి కనబడుతోంది.

"గదే... గా టీ తోటి షురువైతది సూడు."

"తారామణా అన్నా?"

"ఆ. గదే."

"ఎవరన్నా తారామణి? ఆటల హీరోయినా?"

రాజశ్రీ చున్నీ నోట్లో కుక్కుకుంది. అతను సంచీలోంచి మౌసులు తీస్తున్నాడు, ఒకటి కింద పడింది. ఆరు కుర్చీల్లోంచి ఒకేసారి అరుపులు మొదలయ్యాయి. "నా తారామణి లేసింది రోయ్!" "అరే, నా తారామణి హ్యాంగ్ అయ్యింది, జర సూడు రా." "మల్ల ఒత్తు, తారామణి జల్ది రాదు, సతాయిస్తది." మొగిలయ్య సారు తర్వాత అన్నేళ్ళకు ఆ పేరు ఆమె చెవిన పడింది, అదీ ఇన్ని గొంతుల్లో, ఇంత ఎలుగెత్తి. ఆమెకు సిగ్గూ నవ్వూ కలిసి వచ్చాయి. అతనికి మాత్రం ఏ నవ్వూ రాలేదు. మౌసు తగిలించడానికి వంగినవాడు ఆ పేరు వినబడ్డప్పుడల్లా తల తిప్పి, అన్న కుర్రాడి మొహం చూస్తున్నాడు. ఆ చూపు ఆమెకు తెలుసు. గది చివరి కిటికీ వైపు ఆమె ఇన్ని నెలలుగా చూస్తున్న చూపే అది.

చివరికి కౌంటరు దగ్గరికి వచ్చాడు. "ఏయ్" అన్నాడు మెల్లగా. "గా పేరు దీసెయ్. వేరే ఏదన్న వెట్టు."

"ఎందుకు?"

"పోరగాండ్లు గట్ల ఒర్రుతుంటె... బాగలేదు."

"ఏ పేరు?"

"గదే."

"ఆరు సిస్టములున్నయ్. ఏ పేరు తియ్యాలెనో చెప్తె తీస్త."

అతను రాజశ్రీ వైపు చూశాడు. పిల్లల వైపు చూశాడు. కౌంటరు మీద రెండు చేతులూ పెట్టి ముందుకు వంగాడు. సికింద్రాబాదు ఎండ వాసన వచ్చింది. పెదవులు ఒకసారి తెరిచి మూశాడు, మళ్ళీ తెరిచి, ఫ్యాను చప్పుడు కన్నా తక్కువగా, ఒక్కొక్క అక్షరం అడుగు చూసుకుని వేసినట్టు, దీర్ఘం చోట దీర్ఘం ఇచ్చి, చెప్పాడు.

"వినవడ్తలేదు" అంది తారామణి.